కిరోసిన్ దీపం నుంచి నానోతీగల దాకా

(సంఘం వార్షిక సభలో గిరిజన బాలికల వసతిగృహ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. "పిల్లల్ని చదివించండి, బాగుపడతారు" అని చెప్పి దిగిపోవచ్చు. ఆ మాట మీరు ప్రతి సభలోనూ వింటూనే ఉన్నారు. అందుకని ఈరోజు ఒక్క మనిషి గురించి, ఆయన చేసిన పని గురించి చెబుతాను. ఆ పని వినడానికి కొంచెం కష్టంగా ఉంటుంది. కానీ తొమ్మిదో తరగతి పిల్లలకు చెబితే అర్థమైంది. కాబట్టి మీకూ అర్థమవుతుందని నా నమ్మకం.

ఆయన పేరు చెన్నుపాటి జగదీష్. 1957లో కృష్ణా జిల్లా వల్లూరుపాలెంలో పుట్టారు. పేద కుటుంబం. ఏడో తరగతి దాకా కిరోసిన్ దీపం ముందు కూర్చుని చదివారు. తర్వాత హైస్కూలు చదువు సాగడానికి ఒక మేష్టారి ఇంట్లో ఉన్నారు. ఈ మేష్టారి ఇల్లు అన్న మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1977లో నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి బీఎస్సీ, 1980లో విశాఖపట్నం ఆంధ్రా విశ్వవిద్యాలయం నుంచి ఎమ్మెస్సీ టెక్, 1986లో ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ. ఢిల్లీలో శ్రీవెంకటేశ్వర కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు. 1988లో కెనడా వెళ్ళి క్వీన్స్ యూనివర్సిటీలో రెండేళ్ళు పరిశోధన చేశారు. 1990లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చేరారు. అక్కడ సెమీకండక్టర్ పదార్థాలను పెంచే పరిశోధన బృందాన్ని మొదటి నుంచీ కట్టుకుంటూ వచ్చారు. 2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వం పౌరులకిచ్చే అత్యున్నత గౌరవాల్లో ఒకటైన 'కంపానియన్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా' ఆయనకిచ్చింది. 2018లో నానో విజ్ఞానంలో చేసిన కృషికి యునెస్కో పతకం వచ్చింది. 2022లో ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్‌కు అధ్యక్షుడయ్యారు. 2023లో మన దేశం ప్రవాసీ భారతీయ సమ్మాన్ ఇచ్చింది.

ఒక మాట ముందే చెప్పాలి. ఆయన మన గిరిజన కులాల్లో పుట్టిన మనిషి కాదు. మన పిల్లలకుండే కొన్ని ఇబ్బందులు ఆయనకు ఉండి ఉండవు. కుల ధ్రువీకరణ పత్రం కోసం తిరగడం, తరగతిలో యాస విని నవ్వేవాళ్ళ మధ్య నోరు విప్పడం, ఇంట్లో మొదటిసారి బడి మొహం చూసినవాళ్ళుగా నిలబడటం, ఇవన్నీ మనవి. కాబట్టి "ఆయనకు సాధ్యమైంది కదా, మీకెందుకు కాదు" అని మిమ్మల్ని నిలదీయడానికి ఈ కథ చెప్పడం లేదు. ఆయన చదువు ఆగిపోయే చోట ఏది ఆదుకుందో చూపించడానికి చెబుతున్నాను.

ముందు ఆయన చేసిన పని ఏమిటో చూద్దాం.

మన ఇళ్ళలో ఉండే బెల్లం అచ్చు తీసుకుందాం. పొడవు, వెడల్పు, ఎత్తు పది సెంటీమీటర్ల చొప్పున ఉందనుకోండి. దానికి ఆరు ముఖాలు. ఒక్కో ముఖం వంద చదరపు సెంటీమీటర్లు. మొత్తం ఆరు వందలు. ఇదే బెల్లాన్ని ఒక్కొక్క సెంటీమీటరు ముక్కలుగా కోస్తే వెయ్యి ముక్కలవుతాయి. ఒక్కో ముక్కకు ఆరు చదరపు సెంటీమీటర్ల పైతలం. మొత్తం ఆరు వేలు. బెల్లం పెరగలేదు, తరగలేదు. పైతలం మాత్రం పదిరెట్లయింది. పాకం పట్టేటప్పుడు అచ్చు అలాగే పడేయకుండా దంచి వేస్తాం కదా, కారణం ఇదే. నీటికి తగిలే చోటు పెరిగితే త్వరగా కరుగుతుంది.

ఇప్పుడు ఆ అచ్చునే ఒక్కొక్క నానోమీటరు ముక్కలుగా కోయగలిగామనుకోండి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు ఉంటుంది. అంత సన్నగా కోస్తే ఆ ఒక్క బెల్లం అచ్చు పైతలం మొత్తం 60 లక్షల చదరపు మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 1,480 ఎకరాలు. పిల్లలు నా మాట నమ్మక, పలక మీద రెండుసార్లు లెక్క కట్టి చూసుకున్నారు. మీరూ ఇంటికెళ్ళి కట్టించండి.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఏ వస్తువులోనైనా లోపలున్న అణువుకు నాలుగు పక్కలా, పైనా కిందా చుట్టాలుంటారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కదలకుండా కూర్చుంటారు. పైతలం మీదున్న అణువుకు ఒక పక్క ఎవరూ ఉండరు. దాని చెయ్యి ఖాళీగా గాలిలో ఉంటుంది. ఏది దొరికితే దాన్ని పట్టుకోవాలని చూస్తుంది. ఇనుము తుప్పు పట్టడం పైతలం మీదే మొదలవుతుంది. రాగి బిందె నల్లబడేదీ అక్కడే. చేమాకు మీద వానచినుకు అంటకుండా ముత్యంలా జారిపోయేదీ అక్కడే. చేమాకు పైన కంటికి కనపడనంత చిన్న బొడిపెలు, వాటి మీద మైనం పూత ఉంటాయి. వాటి వల్ల నీటిబొట్టుకు ఆకును పట్టుకోవడానికి చోటు దొరకదు. వస్తువు చిన్నదవుతున్నకొద్దీ ఇలా బయట నిలబడ్డ అణువుల పాలు పెరుగుతుంది. ఇక ఆ వస్తువు ఎలా నడుచుకోవాలో పైతలమే నిర్ణయిస్తుంది. ఈ పైతలాల్ని చదివే శాస్త్రాన్ని ఉపరితల శాస్త్రం అంటారు.

జగదీష్ గారి బృందం పనిచేసే పదార్థాల్లో ముఖ్యమైనది గాలియం ఆర్సెనైడ్. గాలియం, ఆర్సెనిక్ అనే రెండు మూలకాలు కలిసిన స్ఫటికం. దీనికి వెలుతురును విద్యుత్తుగా, విద్యుత్తును వెలుతురుగా మార్చే గుణం బాగా ఉంది. దీన్ని కరిగించి మూసలో పోసి చేస్తే వాళ్ళ పనికి సరిపోదు. మూసిన గదిలో వేడి చేసిన పలక మీదికి ఈ మూలకాలున్న వాయువుల్ని పంపుతారు. వేడికి వాయువులు విడిపోతాయి. అణువులు పలక మీద ఒక్కో వరస చొప్పున పేర్చుకుంటాయి. గోడ కట్టే మేస్త్రీ వరస తర్వాత వరస ఇటుక పేర్చినట్టు అనుకోండి. కాకపోతే ఇక్కడ ఇటుక ఒక అణువు.

పలకలాగా కాకుండా తీగలాగా పెంచాలంటే ఇంకో ఉపాయం ఉంది. పలక మీద ముందుగా అతి చిన్న బంగారు రేణువులు చల్లుతారు. వేడికి బంగారం గాలియంతో కలిసి చిన్న ద్రవపు బొట్టవుతుంది. వాయువులో తిరిగే అణువులు ఆ బొట్టులోకి చేరతాయి. బొట్టు నిండాక, పట్టనివి దాని అడుగున స్ఫటికంగా గట్టిపడతాయి. అలా గట్టిపడుతున్నకొద్దీ బొట్టును నెత్తిమీద మోసుకుంటూ తీగ నిటారుగా పైకి లేస్తుంది. ఈ పద్ధతిని 1964లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో వాగ్నర్, ఎల్లిస్ అనే ఇద్దరు సిలికాన్ తీగల మీద వివరించారు. సూక్ష్మదర్శినిలో తీసిన నానోతీగల ఫొటోలు మా పిల్లలకు చూపిస్తే ఒక పిల్ల "ఇది మన కొబ్బరితోటే కదా మేడమ్" అంది. నిజంగా అలాగే ఉంటుంది. నిటారుగా లేచిన మానులు, ఒక్కోదానికి నెత్తిన ఒక ముద్ద. మందం మాత్రం కొన్ని పదుల నుంచి కొన్ని వందల నానోమీటర్లు.

ఇంత సన్నని తీగకు పెద్ద చిక్కొకటి ఉంది. పెద్ద ముక్కతో పోలిస్తే పైతలం మీది అణువుల పాలు చాలా ఎక్కువ. ఇందాక చెప్పిన ఖాళీ చేతులు గుర్తున్నాయి కదా. తీగలోకి వెలుతురు పంపితే ఎలక్ట్రాన్లు ఉత్సాహంగా లేస్తాయి. అవి తిరిగి సద్దుకునేటప్పుడు వెలుతురు ఇవ్వాలి. కానీ ఈలోపే పైతలం మీది ఖాళీ చేతులు వాటిని పట్టి లాగేసుకుంటాయి. వెలుతురు రావలసిన శక్తి వేడిగా పోతుంది. గాలియం ఆర్సెనైడ్ తీగల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. అందుకే మామూలు గది వేడిలో వాటి నుంచి లేజర్ కాంతి రాబట్టడం చాలాకాలం కుదరలేదు.

జగదీష్ గారి బృందం ఆ తీగ చుట్టూ దాని చుట్టం లాంటి మరో పదార్థాన్ని తొడుగుగా పెంచింది. అల్యూమినియం కూడా కలిసిన గాలియం ఆర్సెనైడ్ అది. అణువుల అమరిక రెండింటిలోనూ దాదాపు ఒకటే కాబట్టి తొడుగులోని అణువులు వచ్చి లోపలి తీగ ఖాళీ చేతుల్ని పట్టుకున్నాయి. ఆ తొడుగు గాలికి పాడవకుండా దాని మీద ఇంకో పలచని పొర వేశారు. 2013లో గది వేడిలోనే గాలియం ఆర్సెనైడ్ నానోతీగ నుంచి లేజర్ కాంతి వచ్చిందని ప్రకటించారు. తీగను మార్చలేదు. దాని పైతలానికి తోడు కల్పించారు. అంతే. ఈ 'అంతే' అన్నదానికి ఏళ్ళ తరబడి పని పట్టింది.

ఇలాంటి తీగలు ఎందుకంటారా? కంప్యూటర్లలో సమాచారాన్ని వెలుతురుతో పంపే అతి చిన్న లేజర్లకు, తక్కువ పదార్థంతో ఎక్కువ ఎండను పట్టే సౌర ఘటాలకు, వెలుతురును గుర్తించే పరికరాలకు వీటి మీద పరిశోధన సాగుతోంది. 2017లో ఆయన, సాటి పరిశోధకులు కలిసి ఇండియం ఫాస్ఫైడ్ నానోతీగల మీద మెదడు కణాల్ని పెంచి చూశారు. ఆ తీగల్ని ఊతగా చేసుకుని కణాలు ఒకదానితో ఒకటి సంబంధం కలుపుకున్నాయి. పందిరి వేస్తే పాదు అల్లుకున్నట్టన్నమాట. మెదడు దెబ్బతిన్నవాళ్ళకు రేపెప్పుడైనా సాయపడే దారి ఇందులో దొరుకుతుందా అని వాళ్ళ వెతుకులాట.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

మన పెద్దలు పైతలాల గురించి ఏమీ తెలియనివాళ్ళు కాదు. ఎరుకల ఇళ్ళలో వెదురు బుట్ట అల్లాక గింజ జారిపోకుండా పేడతోనో, మెంతిపిండి నానబెట్టిన కాగితపు గుజ్జుతోనో అలికేవారు. నైలాన్ రాకముందు నూలు వలలు నీటికి కుళ్ళిపోకుండా చెట్టు బెరడు కాచిన కషాయంలో ముంచి ఆరబెట్టేవారు. పదార్థం గుణం మార్చకుండా దాని పైతలానికి రక్షణ ఇవ్వడమే ఇది. మన తాతలకు నానో విజ్ఞానం తెలుసని నేననను. అలా గొప్పలు చెప్పుకోవడం వల్ల పిల్లలకు మేలు లేదు. కానీ ఒక వస్తువును చేత్తో తడిమి, అది ఎందుకిలా ఉందో గమనించి, దాన్ని పనికి తగ్గట్టు దిద్దుకునే చూపు మన ఇళ్ళలో ఉంది. ఆ చూపున్న పిల్లకు భౌతికశాస్త్రం పరాయిది కాదు.

ఆడపిల్లల తల్లులకు ఇంకో మనిషిని పరిచయం చేస్తాను. జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ అని ఒకావిడ. 1862లో పుట్టారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళను విశ్వవిద్యాలయంలోకి రానిచ్చేవారు కాదు. ఆవిడ ఇంట్లో వంటా, అంట్లూ చూసుకుంటూ, పెద్దవాళ్ళకు సేవ చేస్తూ ఉండేవారు. అంట్లు తోమే నీళ్ళ మీద జిడ్డు, సబ్బు ఎలా పరుచుకుంటాయో గమనించారు. రేకు తొట్టి ఒకటి తయారుచేసుకుని నీటి పైతలం మీద ఎంత జిడ్డుంటే ఎంత లాగుడు ఉంటుందో కొలిచారు. ఆ ఫలితాలు ఇంగ్లండులోని లార్డ్ రేలీ అనే పెద్ద శాస్త్రవేత్తకు ఉత్తరంలో రాస్తే, ఆయన దాన్ని 1891లో నేచర్ పత్రికలో అచ్చు వేయించారు. తర్వాత వచ్చిన ఉపరితల శాస్త్రానికి ఆవిడ తొట్టి ఒక పునాది. అంట్ల దగ్గర కూర్చున్న పిల్లకు బుర్ర లేదని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పండి. ఆ ఉత్తరాన్ని ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే ఏమయ్యేదో కూడా ఆలోచించండి.

ఇప్పుడు ఆ మేష్టారి ఇంటి దగ్గరికి వద్దాం. హైస్కూలు దశలో ఆయనకు ఒక మేష్టారి ఇంట్లో చోటు దొరక్కపోయి ఉంటే ఆ పిల్లవాడి చదువు ఏమయ్యేదో చెప్పలేం. తెలివి ఆయనలోనే ఉంది. మేష్టారు పెట్టింది కాదు. మేష్టారు ఇచ్చింది ఉండటానికి చోటు, కంచంలో అన్నం, సందేహం వస్తే అడగడానికి పక్కనే ఒక పెద్దమనిషి. ఈ మూడూ కలిసిన చోటును ఈరోజు మన పిల్లలకు హాస్టల్ అంటున్నాం.

అమ్మా, అయ్యా, హాస్టల్ అంటే అన్నం దొరికే చోటు అని మాత్రమే అనుకోకండి. యానాది, ఎరుకల కుటుంబాల పిల్లలు, ఏజెన్సీ నుంచి దిగి వచ్చిన కొండరెడ్డి, కోయ పిల్లలు సాయంత్రం ఒక ట్యూబులైటు కింద కూర్చుని చదివే చోటు అది. చల్లిన బంగారు రేణువు తీగను తయారుచేయదు. అణువులు వచ్చి నిలబడటానికి చోటిస్తుంది. తీగ దానంతటదే లేస్తుంది. హాస్టలూ అంతే. కానీ తీగ పెరుగుతుండగా మధ్యలో వాయువు ఆపేస్తే అక్కడితో ఆగిపోతుంది. మన పిల్లల చదువు ఆగిపోయేది కూడా మధ్యలోనే. చేరేటప్పుడు కాదు.

ఎప్పుడు ఆగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల తిరిగి రాదు. రొయ్యల చెరువు దగ్గర పనికి మనిషి కావాలంటారు. కొబ్బరి ఒలుపు దగ్గర చెల్లిని చూసుకోవాలంటారు. పదో తరగతి అయ్యాక సంబంధం వచ్చిందంటారు. ఇంటర్‌లో లెక్కలు కష్టమని గ్రూపు మార్పించేస్తారు. మీ ఇళ్ళలో ఇబ్బంది లేదని నేననను. రోజు కూలి పోతే పొయ్యి వెలగని ఇళ్ళకు నేను వెళ్ళాను. అయినా అడుగుతున్నాను. పండక్కి తీసుకెళ్ళండి, అరిసెలు పెట్టండి, కానీ కనుమ తర్వాత మళ్ళీ తెచ్చి హాస్టల్ గుమ్మంలో దింపండి. ఆ ఒక్క పని మీరు చేస్తే మిగతాది అడగడానికి నాకు హక్కు వస్తుంది.

సంఘ పెద్దలను కూడా ఒకటి అడుగుతాను. మన వాళ్ళలో డిగ్రీ, బీటెక్ చదివిన కుర్రాళ్ళు, ఆడపిల్లలు ఇప్పుడున్నారు. ఆదివారం రెండు గంటలు హాస్టల్‌కు వచ్చి లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేలా ఏర్పాటు చేయండి. సన్మానాలకు శాలువాలు తగ్గించినా ఫరవాలేదు.

పిల్లలూ, మీకు దారి కూడా చెబుతాను. ఇంటర్‌లో ఎంపీసీ. తర్వాత బీఎస్సీ గానీ ఇంజనీరింగ్ గానీ. ఆపైన పీజీ. పీహెచ్‌డీ చేసే గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 మందికి జాతీయ ఫెలోషిప్ ఇస్తుంది. విదేశాల్లో పై చదువులకు ఏటా 20 మందికి ప్రత్యేక స్కాలర్‌షిప్ ఉంది. దేశమంతటికీ కలిపి ఇరవై అంటే తక్కువే. కానీ ఆ ఇరవైలో కోనసీమ పేరు ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. హైదరాబాదులో ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. లోహాల మీద పూతలు, నానో పదార్థాల మీద కూడా అక్కడ పని చేస్తారు. ఆంధ్రా విశ్వవిద్యాలయం మనకు రైలు దూరంలోనే ఉంది. జగదీష్ గారు ఎమ్మెస్సీ చదివింది అక్కడే.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. జగదీష్ గారు, ఆయన భార్య విద్య గారు కలిసి తమ యూనివర్సిటీలో ఒక నిధి పెట్టారు. అభివృద్ధి చెందుతున్న దేశాల నుంచి విద్యార్థులు, యువ పరిశోధకులు కాన్‌బెర్రా వచ్చి కొన్ని వారాల పాటు అక్కడి ప్రయోగశాలల్లో పని నేర్చుకోవడానికి ఆ నిధి ఖర్చు భరిస్తుంది. తనకు ఒకప్పుడు దొరికిన మేష్టారి ఇంటిని ఆయన ఇంకొకరికి కట్టిచ్చారని నాకనిపిస్తుంది. మనం అంత దూరం వెళ్ళనక్కర్లేదు. మన ఊరి హాస్టల్లో ఉన్న పిల్ల మధ్యలో ఆగిపోకుండా చూసుకుంటే చాలు. అది ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరి చేతిలో ఉన్న పని.

 జై ఆదివాసీ.